బ్రూస్‌లీ తన చావు సీన్ తనే తీసుకున్నాడట! ఇంక ఆపండ్రా ఈ ఫార్వర్డ్

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట స్కూల్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత ఆఫీసు గ్రూపులో, నిన్న మా బావ పంపాడు, ఇవాళ పొద్దున్నే మళ్ళీ స్కూల్ గ్రూపులోనే ఇంకొకడు పెట్టాడు. "బ్రూస్‌లీ గురించి ఎవ్వరికీ తెలియని 7 నిజాలు, నిజమైన ఫ్యాన్ అయితే షేర్ చెయ్" అని. కింద పసుపు డ్రెస్ ఫోటో, వరసగా దణ్ణాలు. మూడుసార్లు చూసి ఊరుకున్నా. నాలుగోసారి మాత్రం ఆ మూడో పాయింటు చదివాక టీ కూడా తాగబుద్ధి కాలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. చదివే ఓపిక లేనివాళ్ళు కనీసం మూడో పాయింటు దాకా అయినా రండి.

ముందు చిల్లర పాయింట్లు తీసేస్తా. నాన్‌చాక్‌తో, అదే గొలుసుతో కలిపిన రెండు కర్రలతో, పింగ్‌పాంగ్ ఆడిన వీడియో ఉందే, ఐదో పాయింటు, అది 2008లో చైనాలో నోకియా ఫోన్ కోసం తీసిన యాడ్. పోలికలున్న మనిషిని పెట్టి బంతిని కంప్యూటర్లో కలిపారు. అయిపోయింది.

రెండో పాయింటు, ఆయన స్పీడుకి మామూలు కెమెరా సరిపోక సెకనుకి 34 ఫ్రేముల్లో (అంటే 34 బొమ్మల్లో) తీశారట, ఆ రోజుల్లో కుంగ్‌ఫూ సినిమాలన్నీ అలాగే తీసేవాళ్ళట. ఆయన స్పీడు మీద నాకేం గొడవ లేదు, కానీ డెబ్భైల్లో చవకగా చుట్టేసిన కుంగ్‌ఫూ సినిమాల్లో జరిగింది దీనికి పూర్తిగా ఉల్టా. 24 ఫ్రేములకి బదులు 20, 22లో కెమెరా తిప్పేవాళ్ళు, అది థియేటర్లో 24లో ఆడేసరికి చేతులూ కాళ్ళూ గబగబా కదుల్తాయి. పట్టుకోవడం చాలా ఈజీ. కొట్టుకునేవాళ్ళని చూడకండి, వెనకాల నిలబడి చూస్తున్న జనాన్ని చూడండి, వాళ్ళు తల తిప్పడం కూడా గింజలేరుకునే కోడిలాగా టకటకమని ఉంటుంది. ఒకసారి అది కంట్లో పడిందంటే ఇంక ఆ ఫైటు చూడలేరు.

ఇప్పుడు మొదటి పాయింటు. బ్రూస్‌లీ ముప్ఫైకి పైగా కుంగ్‌ఫూ సినిమాలు చేశాడట, చనిపోయాక కూడా దాచిపెట్టిన సినిమాలు 1981 దాకా రిలీజవుతూనే ఉన్నాయట. కింద పెద్ద లిస్టు. బాబూ, పెద్దయ్యాక హీరోగా ఆయన పూర్తిచేసిన కుంగ్‌ఫూ సినిమాలు నాలుగే నాలుగు. 1971లో ది బిగ్ బాస్, 1972లో ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ, అదే ఏడాది వే ఆఫ్ ది డ్రాగన్, 1973లో ఎంటర్ ది డ్రాగన్. ఆ నాలుగోది రిలీజయ్యేసరికే మనిషి లేడు, జులై 20న పోయాడు, 32 ఏళ్ళకి. మీ లిస్టులో మిగతావన్నీ వేరేవాళ్ళవి. తైవాన్‌కి చెందిన హో చుంగ్ టావ్ అనే ఆయనకి బ్రూస్ లీ అని పేరు పెట్టారు, హువాంగ్ కిన్ లుంగ్‌కి బ్రూస్ లె అని పెట్టారు, కొరియా అతన్ని తీసుకొచ్చి డ్రాగన్ లీ అన్నారు. మొదటాయన పేరుకీ అసలాయన పేరుకీ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా, తెలుగులో రాస్తే ఆ తేడా కూడా మిగలదు. మనూళ్ళలో వాల్‌పోస్టర్ మీద చూసినవాడికి ఏం తెలుస్తుంది?

నాకూ తెలీలేదు. తొమ్మిదో క్లాసులో ఉండగా మా ఊళ్ళో ఒక వీడియో పార్లర్ ఉండేది, రేకుల షెడ్డు, కింద పట్టాలు, ముందో కలర్ టీవీ. బయట బోర్డుకి క్యాసెట్టు అట్ట అంటించారు, దాని మీద ఎంటర్ ది డ్రాగన్‌లో ఫోటో, ఛాతీ మీద గీతలు పడి రక్తం కారుతూ ఉంటుందే అది. అమ్మ పోపుల డబ్బాలోంచి రెండు రూపాయలు తీసుకుని పరిగెత్తా. సినిమా మొదలై పది నిమిషాలైంది, అరగంటైంది, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన బొటనవేలితో ముక్కు తుడుచుకుంటున్నాడు, కూత పెడుతున్నాడు, అన్నీ చేస్తున్నాడు కానీ ఆయన కాదు. పక్కన కూర్చున్న పెద్దాయన "వీడెవడ్రా" అన్నాడు. నేను ఆయనతో గొడవ పెట్టుకున్నా, ఆయనే, కళ్ళద్దాలు తీస్తే తెలుస్తుంది చూడండి అని. తీశాడు. కాదు. ఆ రోజు నడుచుకుంటూ ఇంటికొస్తుంటే ఏడుపొచ్చింది. సినిమా బాగాలేకపోతే రాదు ఆ ఏడుపు, మోసపోతే వస్తుంది. అదే లిస్టుని ఇప్పుడు మీరు మా పిల్లలకి పంపిస్తున్నారు, "బ్రూస్‌లీ దాచిన సినిమాలు" అని.

సరే, మూడో పాయింటు. ఉన్నదున్నట్టు రాస్తున్నా: "గేమ్ ఆఫ్ డెత్ బ్రూస్‌లీ పూర్తిగా నటించిన ఆఖరి సినిమా. తన మరణాన్ని ముందే ఊహించి, శవపేటికలో పడుకునే సీన్ కూడా స్వయంగా నటించాడు. మహానుభావుడు!"

ఈ వాక్యం రాసినవాడికి ఆ సీన్లో ఉన్నదేంటో తెలుసా? అది నటన కాదు. 1973లో హాంగ్‌కాంగ్‌లో జరిగిన ఆయన అసలు అంత్యక్రియలు. వేలమంది జనం రోడ్ల మీదకొచ్చారు, ఆ జనమూ నిజమే, ఏడుపులూ నిజమే, పూలూ నిజమే, పెట్టెలో కనపడే ముఖం చనిపోయిన మనిషిది. ఆయన కొడుక్కి అప్పుడు ఎనిమిదేళ్ళు, కూతురికి నాలుగు. ఆ రోజు తీసిన ఫుటేజీని ఐదేళ్ళ తర్వాత, 1978లో, ఒక కల్పిత కథలోకి అతికించారు. ఆ కథలో హీరో చచ్చిపోయినట్టు నాటకమాడతాడు, ఆ నాటకానికి సాక్ష్యంగా ఒక తండ్రి నిజం శవాన్ని చూపించారు. మీరు దాన్ని ఆయన గొప్పతనం కింద లెక్కేసి దణ్ణాలు పెడుతున్నారు. మనింట్లో మనిషి పాడె మీద ఉన్నప్పుడు తీసిన ఫోటోని ఎవడైనా సినిమాలో పెట్టుకుంటే ఊరుకుంటామా? చెప్పండి, ఊరుకుంటామా?

ఇక "పూర్తిగా నటించిన" అన్న మాట. గేమ్ ఆఫ్ డెత్ ఆయన 1972లో మొదలుపెట్టాడు, ఎంటర్ ది డ్రాగన్ ఛాన్సు రావడంతో మధ్యలో ఆపాడు, మళ్ళీ దాని దగ్గరకి రాకుండానే పోయాడు. ఆయన అనుకున్న కథ వేరు. ఒక గోపురం, ఒక్కో అంతస్తులో ఒక్కో విద్య తెలిసినవాడు, వాళ్ళని దాటుకుంటూ పైకి వెళ్ళాలి. 1978 వాళ్ళు ఆ కథని అవతల పారేసి, మాఫియా వెంటపడే సినిమా హీరో కథ ఒకటి రాసి, ఆయన తీసిన దాంట్లోంచి పది పదకొండు నిమిషాలు చివర్లో తగిలించారు. ఆ ముక్కల్లో కూడా ఆయనతో పాటు మెట్లెక్కిన ఇద్దరు తోటి నటుల్ని కోసేశారు. మిగతా గంటన్నర డూపులు. కొరియా నుంచి కిమ్ టాయ్ చుంగ్, పల్టీలకి యుయెన్ బియావ్, మధ్యమధ్యలో పాత సినిమాల నుంచి కోసిన క్లోజప్పులు. ముఖం కనపడకూడదని కళ్ళద్దాలు, గడ్డం, కట్లు. మేకప్ రూమ్ సీన్ ఒకసారి ఆపి ఆపి చూడండి, డూపు అద్దం ముందు కూర్చుంటాడు, అద్దం మీద బ్రూస్‌లీ ముఖం ఫోటో కత్తిరించి అతికించారు! డూపు భుజాలు కదుల్తాయి, ముఖం కదలదు. పెళ్ళి ఆల్బమ్‌లో లేని చుట్టాన్ని అతికించినట్టు ఉంటుంది. పూర్తిగా నటించిన సినిమా అంటే ఇదేనా?

దీంతోనే నాలుగో పాయింటు కూడా తేలిపోతుంది. "ఆ తర్వాత వచ్చినవి బడ్జెట్ లేక చెత్తగా ఉన్నాయి, పాపం" అంట. గేమ్ ఆఫ్ డెత్ తీసింది గోల్డెన్ హార్వెస్ట్, ఆయన సినిమాలతోనే పైకొచ్చిన కంపెనీ. డైరెక్టర్ ఎంటర్ ది డ్రాగన్ తీసిన రాబర్ట్ క్లౌజ్, మ్యూజిక్ జేమ్స్ బాండ్ సినిమాలకి చేసిన జాన్ బ్యారీ, హాలీవుడ్ నుంచి పేరున్న నటులు. డబ్బులకి కొదవేం లేదు, అద్దానికి ఫోటో అంటించారు. అదే బిగ్ బాస్ చూడండి, థాయ్‌లాండ్‌లో ఒక మారుమూల ఊళ్ళో లక్ష డాలర్ల లెక్కలో తీసిన సినిమా, ఐస్ ఫ్యాక్టరీ, నాలుగు ఇళ్ళు, అంతే లొకేషన్లు. ఈ రోజుకీ నిలబడింది. 1978లో జాకీచాన్ డ్రంకెన్ మాస్టర్ కూడా చిన్న కంపెనీ సినిమానే, ఆవరణలో ఒక ముసలాయన, ఒక కుర్రాడు, సగం సినిమా ట్రైనింగే, కళ్ళు తిప్పుకోలేం. డబ్బు లేకపోవడం తప్పు కాదు. చనిపోయినవాడి పేరు అట్ట మీద ఉంటే చాలు, లోపల ఏదున్నా జనం కొంటారు అనుకోవడం, అదీ ఆ సినిమాల్ని నాశనం చేసింది. 1977లో ఒకటి తీశారు, బ్రూస్‌లీ చనిపోయి పాతాళానికి వెళ్తాడు, అక్కడ డ్రాకులా, జేమ్స్ బాండ్, కార్టూన్ పొపాయ్ ఉంటారు! మనిషి పోయి నాలుగేళ్ళు కూడా సరిగ్గా కాలేదు.

ఆరో పాయింటులో శాపం సంగతి. తండ్రి గేమ్ ఆఫ్ డెత్‌లో హీరోకి షూటింగులో తుపాకీ గుండు తగులుతుంది, 1993లో కొడుకు బ్రాండన్ షూటింగులోనే తుపాకీ పేలి చనిపోయాడు, కాబట్టి శాపం. ప్రాప్ తుపాకీ గొట్టంలో ఇరుక్కున్న బుల్లెట్ ముక్కని ఎవరూ చూసుకోలేదు, దాన్ని నిర్లక్ష్యం అంటారు. శాపం అంటే అక్కడ చూసుకోవాల్సినవాళ్ళ తప్పంతా మాయమైపోతుంది.

అదే పాయింటు చివర్లో "డూప్లికేట్ గాళ్ళకి ఫైటింగే రాదు, జోకర్లు" అని ఒక ముక్క. ఇది మాత్రం నాకు మనసులో గుచ్చుకుంది, ఎందుకంటే ఆ రోజు పార్లర్‌లో నేనూ అలాగే తిట్టుకున్నా. పల్టీల డూపు యుయెన్ బియావ్, జాకీచాన్, హాంగ్‌కాంగ్ ఫైట్‌మాస్టర్ సామో హంగ్ ముగ్గురూ చిన్నప్పుడే ఒకే గురువు దగ్గర పెకింగ్ ఆపెరా (పాటలూ పల్టీలూ కలిసిన చైనా నాటకం) స్కూల్లో చేరి ఏళ్ళ తరబడి దెబ్బలు తింటూ నేర్చుకున్నవాళ్ళు. కిమ్ టాయ్ చుంగ్‌కి టైక్వాండో వచ్చు. హో చుంగ్ టావ్‌కి ఆ పేరు పెట్టుకోవడమే ఇష్టం లేదు, నిర్మాతలు పెట్టారు. 1976లో ఆయన బ్రూస్‌లీ జీవితకథ ఒకటి చేశాడు, ఇంగ్లీషులో ది మ్యాన్ ది మిత్ అని వచ్చింది. ఈమధ్య చూశా. బాగుంది. నిజంగా బాగుంది. సొంత పేరుతో వదిలేసి ఉంటే ఆయనకంటూ ఒక చోటు ఉండేది అనిపించింది. తిట్టాలంటే అట్ట వేసినవాణ్ణి తిట్టండి.

మిగిలింది ఏడోది, "గేమ్ ఆఫ్ డెత్ క్లైమాక్స్ ప్రపంచంలోనే బెస్ట్ ఫైట్". ఇది ఒప్పుకుంటా. ఇంకోటి కూడా ఒప్పుకుంటా, నాకు ఇష్టం లేకపోయినా. ఆయన తీసిన మిగతా ఫుటేజీ, అరగంటకి పైనే, బయటి ప్రపంచం చూసింది 2000లో. అంటే ఆ సిగ్గుమాలిన 1978 సినిమా రాకపోయి ఉంటే, ఆ పది నిమిషాలు కూడా అప్పటిదాకా డబ్బాలోనే ఉండేవి, మన వయసు వాళ్ళెవ్వరం చిన్నప్పుడు చూసేవాళ్ళం కాదు. ఏడడుగుల రెండంగుళాల అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్ ముందు ఈయన, అతని ఛాతీ దాకా వస్తాడంతే. ఎదుటివాడి కళ్ళు వెలుతురు తట్టుకోలేవని మధ్యలో కనిపెట్టి, కొట్టడం ఆపి, కిటికీల కాగితాలు చింపుతాడు. ఆ పసుపు డ్రెస్ మీద, గుండెకి అడ్డంగా, మట్టితో ఇంత పొడుగు కాలి ముద్ర పడి ఉంటుంది. షేర్ చేసుకోవాలంటే ఆ ముక్క చేసుకోండి, శవపేటిక ఫోటో మాత్రం గ్రూపులోంచి తీసెయ్యండ్రా.