కార్బురేటర్ కారితే కార్బురేటర్ మార్చేయడమేనా?

పాత పెట్రోల్ ట్రాక్టర్‌కి కార్బురేటర్ కారుతోందని నోరు తెరిస్తే చాలు, "తీసి అవతల పారేసి కొత్తది వేసెయ్" అనే సలహా సిద్ధంగా ఉంటుంది. చెప్పేవాడిదేం పోయింది! ఆ పోత ఇనుప కార్బురేటర్‌లో అరిగే భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాడీకి ఏమీ కాదు. దాన్ని పీకేసి చవక కాపీ బిగిస్తే జెట్ రంధ్రాలు (పెట్రోల్‌ని కొలిచి వదిలేవి) ఎలా ఉంటాయో, ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే బుడ్డి) ఎత్తు ఎవరైనా చూశారో లేదో దేవుడికే తెలియాలి. పైగా అసలు జబ్బు ట్యాంకులోని తుప్పు అయితే కొత్తది కూడా నాలుగు రోజులకే కారడం మొదలుపెడుతుంది.

ముందు అది లీకేనా కాదా తేల్చుకోండి. ఫోర్డ్ 8ఎన్ (1947–1952) లాంటి బళ్లలో కార్బురేటర్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలీ పెట్రోలూ పంచే గొట్టం) కింద ఉంటుంది, గాలీ పెట్రోలూ కింది నుంచి పైకి పోతాయి. చోక్ (చల్లని ఇంజన్ స్టార్ట్ కావడానికి గాలి తగ్గించే మూత) ఎక్కువ లాగితే పైన ఆవిరి కాని పెట్రోల్ మళ్లీ కిందికే దిగి, గాలి దారి అడుగున ఉన్న చిన్న బెజ్జంలోంచి నాలుగు చుక్కలు పడుతుంది. ఆ బెజ్జం పెట్టిందే అందుకు. దాన్ని సీలెంట్‌తో పూడ్చేసి "లీకు ఆపేశాం" అనుకునే ఘనులున్నారు. అలా పూడిస్తే పెట్రోల్ గాలి గొట్టంలో నిలబడుతుంది, మంట వెనక్కి తన్ని ఒక్క బ్యాక్‌ఫైర్ కొడితే అక్కడే అంటుకుంటుంది. నాలుగు చుక్కలు పడి ఆగిపోతే వదిలేయండి. ఇంజన్ ఆపి పది నిమిషాలైనా, ట్యాంకు వాల్వు తెరిచి ఉన్నంతసేపూ చుక్క ఆగకపోతే అప్పుడు పానా తీయండి.

తడి కింద కనబడుతుంది, లీకు పైనెక్కడో ఉంటుంది. వాల్వు కట్టి, కార్బురేటర్ బయటంతా తుడిచి, ఆరాక సుద్దపొడి చల్లండి. వాల్వు తెరిచి కళ్లార్పకుండా చూస్తే, పొడి మొదట ఎక్కడ తడిసి ముదురు రంగుకు తిరిగిందో అదే చోటు. పైపు నట్టు దగ్గరైతే కార్బురేటర్ తప్పేమీ లేదు. అక్కడ టెఫ్లాన్ టేపు మాత్రం చుట్టకండి. ఆ నట్టులో పెట్రోల్‌ని ఆపేది మర కాదు, పైపు కొన నొక్కుకునే చోటు. టేపు పీలికలు ఊడి లోపలికి పోయి నీడిల్ (ఫ్లోట్ పైకి లేస్తే పెట్రోల్ దారి మూసే సూది) కింద ఇరుక్కుంటాయి. రెండు సగాల అతుకు దగ్గరైతే గ్యాస్కెట్. మెయిన్ జెట్ అడ్జస్ట్‌మెంట్ స్క్రూ చుట్టూ అయితే అక్కడి ప్యాకింగ్. గాలి దారిలోంచి ధారగా వస్తోందా, అయితే ఫ్లోట్, నీడిల్, సీటు (నీడిల్ కొన ఆనే చోటు). మామూలుగా తగిలేది ఇదే.

ఈ బళ్లలో పెట్రోల్ పంపు ఉండదు. ట్యాంకు పైన, కార్బురేటర్ కింద, పెట్రోల్ తన బరువుతోనే దిగుతుంది. 30 సెంటీమీటర్ల ఎత్తుకి వచ్చే ఒత్తిడి 0.3 పీఎస్ఐ చుట్టుపక్కల. అంతే. కానీ ఆ ఒత్తిడి ఇంజన్ ఆపినా ఆగదు. లోపల మెయిన్ నాజిల్ (గాలిలోకి పెట్రోల్ చిమ్మే గొట్టం) కొన పెట్రోల్ మట్టానికి కొంచెమే పైన ఉంటుంది. నీడిల్ కింద ఇసుక రేణువంత నలుసు పడినా మట్టం పెరుగుతుంది, నాజిల్ మీంచి పొర్లి గాలి దారిలోకి దిగుతుంది, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా పోతూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కార్బురేటర్ గిన్నె (పెట్రోల్ నిలిచే కింది సగం) పక్కన మెల్లగా రెండు తట్లు తట్టండి. ఆగిపోయిందంటే నలుసో, బిగుసుకున్న ఫ్లోటో. పని నడుస్తుంది గానీ బాగైనట్టు కాదు.

విప్పే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీసేయాలి, మంటనార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. ఇందులో బేరాల్లేవు.

పై సగం తీసి తిరగేస్తే ఫ్లోట్ పైకి వస్తుంది. పిన్ను లాగి నీడిల్‌ని వెలుతురులో తిప్పి చూడండి. కొన చుట్టూ ఉంగరంలా గాటు కనబడితే అది ఇక ఆపదు. ఇక్కడే చాలామంది చేసే కక్కుర్తి పని, కొత్త నీడిల్ వేసి పాత సీటు ఉంచేయడం. రెండూ జతగానే మార్చాలి. పాత సీటు కింది వాషర్ బాడీకి అంటుకుపోయి ఉంటుంది, చూడకుండా దాని మీదే కొత్తది వేస్తే సీటు ఎత్తు మారి ఫ్లోట్ లెక్క తప్పుతుంది. వాషర్ లేకుండా బిగిస్తే పెట్రోల్ సీటు మర పక్కనుంచి దూరుతుంది, నీడిల్ ఎంత మంచిదైనా దండగే.

ఇత్తడి ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే చిల్లు పడింది. వేడినీళ్లలో ముంచితే బుడగలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనబడుతుంది. సోల్డరింగ్ చేయొచ్చు. కానీ లోపలి పెట్రోల్ చుక్క మిగలకుండా పోవాలి, మంట వాడకూడదు, సీసం మరీ ఎక్కువ పెడితే ఫ్లోట్ బరువెక్కి మట్టం పెరుగుతుంది. ఇంత తలనొప్పి కంటే కొత్త ఫ్లోట్ కొనడమే మేలు. ఇక కార్క్ ఫ్లోట్ ఉన్నవాళ్లు, ఇథనాల్ కలిసిన పెట్రోల్ దాని లక్క పూతని కరిగించేస్తుంది. కార్క్ పెట్రోల్ పీల్చి మునుగుతుంది. మళ్లీ పూత వేసి లాభం లేదు, మార్చేయండి.

ఫ్లోట్ ఎత్తు: 8ఎన్‌లో ఉండే మార్వెల్ షెబ్లర్ టీఎస్ఎక్స్ రకం కార్బురేటర్లకు పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. పై సగాన్ని తిరగేసి పట్టుకుని, కొత్త గ్యాస్కెట్ వేసే ఉంచి, గ్యాస్కెట్ నుంచి ఫ్లోట్ అంచు దాకా కొలవాలి. రెండు వైపులా సమానంగా రావాలి. ఆ దూరం తగ్గితే మట్టం పెరిగి మళ్లీ కారుతుంది, ఎక్కువైతే లోడు మీద ఇంజన్‌కి పెట్రోల్ చాలదు. వేరే కంపెనీ కార్బురేటర్‌కి కొలత వేరు, దాని మాన్యువల్ చూడండి. కొలత సరిచేయడానికి ఫ్లోట్ మీద నీడిల్‌కి ఆనే చిన్న రేకు నాలికని వంచాలి. వంచేటప్పుడు ఫ్లోట్‌ని నీడిల్ మీదకి నొక్కి వంచకండి, కొత్త నీడిల్ కొన అక్కడే పాడవుతుంది. చిన్న ప్లయర్‌తో నాలికని మాత్రమే పట్టుకుని వంచండి.

బండికి బిగించే ముందే పరీక్ష పెట్టుకోండి. కార్బురేటర్‌ని బండికి బిగించినట్టే నిటారుగా నిలబెట్టి, ట్యాంకు ఎత్తులో ఓ డబ్బా నుంచి పైపు కలిపి, ఒక గంట వదిలేయండి. కింద పరిచిన కాగితం తడవకపోతే సరే. అతుకు కారుతుంటే స్క్రూలు ఇంకా బిగించడం పరిష్కారం కాదు, ఆ బిగింపుకే స్క్రూలు పట్టే చెవులు వంగి ఉంటాయి. మందపాటి గాజుపలక మీద సన్నని ఎమరీ పేపర్ పరిచి అతుకు మొహం చదును చేయండి. సిలికాన్ గమ్ జోలికి పోవద్దు. పెట్రోల్‌లో ఉబ్బి, తునకలుగా ఊడి జెట్‌లో కూర్చుంటుంది.

ఇంత చేసి ట్యాంకు చూడకపోతే చేసిందంతా వృథా. ఫోర్డ్ ఎన్ సిరీస్‌లో జాలీలు మూడు: ట్యాంకు లోపలికి నిలబడినది, ట్యాంకు కింది గాజు గిన్నె పైనున్నది, కార్బురేటర్‌లోకి పైపు కలిసే ఎల్బో (వంపు ముక్క) మీదది. మూడూ తీసి కడగాలి. జాలి చిరిగిందని పంపు ఉన్న కార్లకి వేసే కాగితం ఫిల్టర్ పైపు మధ్యలో ఇరికిస్తారు కొందరు. ఈ కాస్త ఒత్తిడికి అందులోంచి సరిగ్గా దిగదు, లోడు పడగానే ఇంజన్ దగ్గుతుంది. అన్నీ బిగించాక కార్బురేటర్ గిన్నె అడుగు ప్లగ్గు తీసి సీసా పెట్టండి. రెండు నిమిషాల్లో అర లీటరు దాకా, ధార తెగకుండా రావాలి.

స్టార్ట్ చేసే ముందు ఇంజన్ ఆయిల్ కర్ర తీసి వాసన చూడండి. మట్టం గుర్తు దాటినా, పెట్రోల్ కంపు కొట్టినా ఆ ఆయిల్ మొత్తం దించేయాల్సిందే, పలచబడిన ఆయిల్ బేరింగులని తినేస్తుంది. మెయిన్ జెట్ స్క్రూని వేళ్లతో మెత్తగా ఆనించి, అక్కణ్నుంచి ఒకటి, ఒకటిన్నర చుట్లు తెరిచి మొదలుపెట్టండి. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా బిగిస్తే దాని కొనకీ అదే గాటు పడుతుంది. ఇక బండి ఆపిన ప్రతిసారీ ట్యాంకు వాల్వు కట్టండి, నీడిల్ నిన్ననే వేసినదైనా సరే.