గోడ మీద రాసిన 38

మైపాడు వైపు మా బావమరిదికి వనామీ రొయ్యల గుంటలున్నాయి. పట్టుబడి నాడు ఐసు కోసం పరుగెత్తలేక, నిరుడు వేసవిలో అతడు గట్టు మీదనే ఒక చిన్న కోల్డ్ రూమ్ కట్టించుకున్నాడు. కంప్రెసర్ బిగించి, రాగి గొట్టాలు అతికించడం పూర్తయ్యాక, మిగిలిన పని ఏమిటో మెకానిక్ చెప్పగా విని బిత్తరపోయాడు.

"గాలి నింపేదానికి ఒక బిల్లు, నింపిన గాలి తీసేదానికి ఇంకో బిల్లు, ఆపైన గ్యాసు నింపేదానికి మూడో బిల్లంట. ముందే గ్యాసు నింపితే ఏం పోతుంది బావా?" అని నన్నడిగాడు.

నెల్లూరులో 34 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి కనుక ఇంట్లో మిక్సీ ఆగినా నన్నే అడుగుతారు. అది గాలి కాదనీ, తేమ లేని నైట్రోజన్ అనీ, గొట్టాల అతుకుల్లో లీకుందేమో ముందే చూసుకోవడానికి దాన్ని నింపుతారనీ, దాని బదులు ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెసర్ నూనెతో కలిసి పేలిపోగలదనీ వివరించి, ఆ రాత్రి కాపలాకు నేనే కూర్చుంటానని మాటిచ్చాను. మాట ఇవ్వకుండా ఉండవలసింది.

మధ్యాహ్నం మూడు గంటలకు మెకానిక్ గేజి ముల్లు 300 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌన్లు) చేరేదాకా నైట్రోజన్ ఎక్కించి, వాల్వు కట్టేసి, గోడ మీద సుద్దతో '300 – 38' అని రాసి, రేపు ఇదే వేళకు వచ్చి చూస్తానని, అంతవరకు ఎవరూ ఏదీ ముట్టుకోవద్దని చెప్పి వెళ్లిపోయాడు.

తెల్లవారుజామున నాలుగింటికి దోమలు లేపగా టార్చి వేసి చూద్దును కదా, ముల్లు 290 దగ్గర ఉంది! పది పాయింట్లు ఎటు పోయాయి? ఎక్కడో లీకున్నదని గుండె ఝల్లుమంది. అప్పుడే నా చూపు గోడ మీది 38 వైపు మళ్లింది. అది అతుకుల లెక్క అయి ఉంటుందని, ఎవరూ చెప్పకుండానే, నాకు తెలిసిపోయింది.

సబ్బు నురగ పూసి బుడగ ఎక్కడ ఉబ్బుతుందో చూడడమే లీకు పట్టే పాత పద్ధతి. కానీ సముద్రపు ఒడ్డున బోరు నీళ్లలో సబ్బు నురగ కట్టదు, పెరుగులా విరిగిపోతుంది. అందుకని కొట్టు గదిలో వేలాడుతున్న షాంపూ పాకెట్ల దండను పూర్తిగా చించి బకెట్లో కలిపి, పాత బ్రష్షుతో ఒక్కొక్క అతుకుకూ పూస్తూ పోయాను. ఎక్కడా బుడగ ఉబ్బలేదు. అయితే ఎంత లెక్కపెట్టినా అతుకులు 31కి మించలేదు. లీకు తప్పకుండా ఆ కనబడని ఏడింటిలోనే దాక్కుని ఉంటుందని తేల్చుకుని, నిచ్చెన ఎక్కి, కూలింగ్ కాయిల్ వెనకకు చేయి పోనిచ్చి, చివరకు కరెంటు మీటరు పైపుకు కూడా నురగ పూశాను. తెల్లవారి మేత చల్లడానికి వచ్చిన కుర్రవాడు గది నిండా తెల్లని నురగను, నడుమ నన్ను చూసి, "తలంటి పోసుకుంటుండారా సార్?" అని గౌరవంగా అడిగాడు.

కబురందుకుని పరుగున వచ్చిన మెకానిక్ గేజి వైపు కాక, గొట్టానికి తగిలించిన థర్మామీటరు వైపు చూశాడు. దాని మీద నేను తువ్వాలు ఆరవేసి ఉన్నాను. తువ్వాలు తీస్తే 28 కనిపించింది.

"చలికి ముడుచుకుంది సార్. ఎండెక్కితే అదే లేస్తుంది. 38 అంటే నిన్నటి వేడి" అన్నాడు.

ఘనపరిమాణం మారనప్పుడు వాయువు పీడనం పరమ ఉష్ణోగ్రతను అనుసరించి మారుతుందని 34 ఏళ్లు నల్లబల్ల మీద రాసినవాణ్ణి నేనే. గేజి చూపే 300కు బయటి వాతావరణ పీడనం 15 కలిపి, 311తో భాగించి 301తో గుణించి (38కీ 28కీ 273 కలిపితే వచ్చే పరమ ఉష్ణోగ్రతలవి), మళ్లీ 15 తీసేస్తే దాదాపు 290 వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ముల్లు ఏమీ ఎరగనట్టు 300 మీద నిలబడింది.

తరువాతి పనుల్లో నా ప్రమేయం లేదు కనుక అవి సజావుగా సాగాయి. నైట్రోజన్ వదిలేశాక, వాక్యూమ్ పంపు పీడనాన్ని 500 మైక్రాన్లకు, అంటే అర మిల్లీమీటరు పాదరసమట్టానికి, దించింది. అంత శూన్యంలో గొట్టాల్లో మిగిలిన తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది. పంపు ఆపినా ముల్లు పెద్దగా లేవకపోవడంతో, సిలిండర్‌ను త్రాసు మీద తలకిందులుగా నిలిపి, గ్యాసును ద్రవంగానే తూకం ప్రకారం ఎక్కించాడు. త్రాసు మీద చేయి ఆనించబోయిన నన్ను ఆరడుగుల దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

చివరకు మెకానిక్ గోడ మీద '6.4' అని రాశాడు. కిలోలా అని అడిగి, అవునన్నాకే ఊపిరి పీల్చుకున్నాను. యూనిట్లు రాయని పిల్లలకు అరమార్కు కోసిన చేయి ఊరుకోలేక, సుద్దముక్క అందుకుని 38 పక్కన, కాస్త పైన, డిగ్రీల గుర్తుగా చిన్న సున్నా చుట్టాను.

సాయంత్రం బావమరిది వచ్చి గోడ వైపు చూసి నోరు తెరిచాడు.

"380 అతుకులుండాయా బావా! అన్నిటికీ నువ్వొక్కడివే పూసినావా?"