ట్రాక్ మీదికెళ్లే కారుకు మొదట అడుగుభాగం చూడాలి

ఆదివారం తెల్లవారుజామున గచ్చిబౌలి, కోకాపేట దారుల్లో కాసేపు నిలబడితే హైదరాబాద్‌లో స్పోర్ట్స్ కార్ల మీద మక్కువ ఎంత పెరిగిందో తెలుస్తుంది. వాటిలో చాలా కార్లకు వెనుక ఎత్తయిన వింగ్, బంపర్ అడుగున నల్లటి పళ్ల వరుసలాంటి ప్లాస్టిక్ డిఫ్యూజర్ బిగించి ఉంటాయి. ఆ యజమానుల్లో కొందరు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ దాకా వెళ్లి నడిపి వస్తారు కూడా. అయితే అదే కారును గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి కింది నుంచి చూస్తే సైలెన్సర్ గొట్టాలు, గేర్‌బాక్స్, సస్పెన్షన్ భాగాలు, పెట్రోలు ట్యాంకు అంచులు అన్నీ గాలికి అడ్డంగా వేలాడుతూ కనిపిస్తాయి. డబ్బు కంటికి కనబడే చోట ఖర్చవుతోంది కానీ, ట్రాక్ మీద అసలు ప్రయోజనం దక్కే చోట ఖర్చు కావడం లేదని నా అభిప్రాయం.

కారు అడుగున గాలి చేసే పనిని అర్థం చేసుకోవడానికి పంట కాలువను గుర్తు చేసుకుంటే చాలు. వంతెన దగ్గర కాలువ ఇరుకైన చోట నీరు వడి అందుకుంటుంది. నిదానంగా గమనిస్తే అక్కడ నీటిమట్టం కొద్దిగా దిగి ఉంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందన్న బెర్నూలీ సూత్రం మన డెల్టా కాలువల్లో రోజూ ఇలా కనబడుతూనే ఉంటుంది. కారు అడుగుకూ రోడ్డుకూ మధ్యనున్న సందు కూడా అలాంటి ఇరుకు దారే. అందులో గాలి ఆటంకం లేకుండా వేగంగా పోతే కింద పీడనం పడిపోయి, పైనున్న వాతావరణం కారును రోడ్డుకేసి నొక్కుతుంది. ఆ ఒత్తిడినే డౌన్‌ఫోర్స్ అంటున్నాం.

దీని పరిమాణం చాలామంది ఊహించేదానికంటే ఎక్కువ. సముద్రమట్టం దగ్గర వాతావరణం ప్రతి చదరపు మీటరునూ సుమారు 10 టన్నుల బరువుతో నొక్కుతుంది. కారు అడుగున 4 చదరపు మీటర్ల మేర ఆ పీడనాన్ని కేవలం అర శాతం తగ్గించగలిగితే 200 కిలోల డౌన్‌ఫోర్స్ లభిస్తుంది. రోడ్డు కోసం తయారైన కారులో అంత సాధించడం తేలిక కాదు, కానీ అందులో సగం వచ్చినా 100 కిలోలు. పైగా వెనుక వింగ్‌తో తెచ్చుకునే ప్రతి కిలోకూ గాలి నిరోధం రూపంలో మూల్యం చెల్లించాలి, అడుగుభాగాన్ని నునుపు చేస్తే మాత్రం చాలా సందర్భాల్లో ఆ నిరోధం కూడా తగ్గుతుంది. నేను అడుగుభాగాన్ని ముందు పెట్టడానికి ఇదే ప్రధాన కారణం.

రేసింగ్ ప్రపంచం ఈ సంగతిని దాదాపు అర్ధ శతాబ్దం కిందటే పట్టుకుంది. లోటస్ సంస్థ 1977లో 78వ నమూనాతో, మరుసటి ఏడాది 79వ నమూనాతో కారు పక్కభాగాల అడుగును తిరగేసిన విమానం రెక్క ఆకారంలో మలిచింది. ఆ కార్లు నడిపిన మారియో ఆండ్రెట్టి 1978లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మూలమలుపుల్లో వేగాలు ప్రమాదకర స్థాయికి చేరడంతో 1983 నుంచి ఫార్ములా వన్‌లో అడుగు చదునుగానే ఉండాలని నిబంధన తెచ్చారు. 2022లో మలిచిన అడుగును మళ్లీ అనుమతించగానే కార్లు నేరుదారిలో పైకీ కిందికీ ఊగిపోయాయి. అడుగు రోడ్డుకు దగ్గరైన కొద్దీ పీల్పు పెరిగింది. మరీ దగ్గరయ్యేసరికి గాలి దారి మూసుకుపోయి పీల్పు ఒక్కసారిగా తెగింది. కారు పైకి లేచింది. గాలి మళ్లీ పారడంతో తిరిగి కిందికి లాగబడింది. మన కార్లు ఆ స్థాయికి చేరవు కానీ, ఎంత కిందికి దించితే అంత మేలన్న నమ్మకం తప్పని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇక పని దగ్గరకు వద్దాం. మొదట ముందు బంపర్ కింద స్ప్లిటర్, అంటే ముందుకు పొడుచుకొచ్చే చదునైన పలక, దాని వెనుక ఇంజిన్ కింది నుంచి వెనుక ఇరుసు దాకా వీలైనంత చదునైన పలక ఉండాలి. పక్కల నుంచి గాలి లోపలికి చొరబడితే తగ్గిన పీడనం నిండిపోతుంది కాబట్టి తలుపుల కింది అంచులను రోడ్డుకు వీలైనంత దగ్గరగా తేవాలి. పలక కోసం మన దగ్గర చాలామందికి వెంటనే తోచేది దుకాణాల బోర్డులకు వాడే ఏసీపీ షీటు. అది తేలిక, గట్టిది, చవక, కోయడం సులభం. ముందు భాగానికీ మధ్య భాగానికీ నిజంగానే బాగా పనికొస్తుంది. కానీ మామూలు ఏసీపీ షీటులో రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ఉండేది పాలిథిలిన్. అది నీళ్లు మరిగే వేడికి కాస్త అటూ ఇటూగానే మెత్తబడుతుంది, ఇంకా వేడెక్కితే అంటుకుంటుంది. ట్రాక్ మీద సైలెన్సర్ గొట్టం వేడి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది. అందుచేత గొట్టం పోయే దారి పొడవునా ఒట్టి అల్యూమినియం రేకునే వాడి, మధ్యలో ఖాళీ వదిలి, వేడిగాలి బయటికి పోయే కంతలు పెట్టాలి. ఇందులో ఎవరూ రాజీ పడకూడదని గట్టిగా చెబుతున్నాను.

మరో విషయం చాలామంది దృష్టికి రాదు. కారును కిందికి లాగే పీల్పు మొదట పలక మీద పనిచేసి, బోల్టుల ద్వారానే ఛాసిస్‌కు చేరుతుంది. చదరపు మీటరుకు 25 కిలోల లాగుడు ఉంటే ఆ భారం మోయాల్సింది ఆ బోల్టులే. ప్లాస్టిక్ క్లిప్పులతో వేలాడదీసిన పలక గంటకు 180 కిలోమీటర్ల వేగంలో ఊడితే అది వెనుక వచ్చే కారు అద్దం మీద పడుతుంది. కాబట్టి పలకకు వెనుక సన్నని అల్యూమినియం యాంగిళ్ల ఊతం, ఛాసిస్‌కు నేరుగా బిగించిన బ్రాకెట్లు తప్పనిసరి. అడుగును మూసేస్తే గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, బ్రేకులు తమకు అందే చల్లగాలిని కోల్పోతాయని కూడా గుర్తుంచుకోవాలి. మే నెల ఎండలో ఇది చిన్న విషయం కాదు. రేడియేటర్ గుండా లోపలికొచ్చిన గాలి కింది నుంచి పోలేక బానెట్ కింద పోగుపడి కారు ముందుభాగాన్ని పైకి లేపుతుంది. అందుకే పలక వేసినవారు బానెట్ మీద గాలి బయటికి పోయే దారి కూడా వేయాలి.

డిఫ్యూజర్ గురించి అపోహలు ఎక్కువ కాబట్టి మళ్లీ కాలువ దగ్గరికే వెళ్తాను. నీటిపారుదల ఇంజినీర్లు కాలువను ఇరుకు చేసేటప్పుడు కాస్త తొందరగా చేసినా, తిరిగి వెడల్పు చేసేటప్పుడు మాత్రం గోడలను నిదానంగా విడదీస్తారు. ఒక్కసారిగా వెడల్పు చేస్తే నీరు గోడను వదిలి సుడులు తిరుగుతుంది. డిఫ్యూజర్ కూడా అలా నిదానంగా వెడల్పయ్యే దారే. అడుగున వేగంగా వచ్చిన గాలిని మెల్లగా నెమ్మదింపజేసి కారు వెనుకనున్న పీడనానికి చేర్చడం, ఆ విధంగా ముందున్న ఇరుకులో వేగాన్ని ఇంకా పెంచడం దాని పని. 7 నుంచి 10 డిగ్రీల వాలుతో, అంటే మీటరు పొడవుకు 12 నుంచి 18 సెంటీమీటర్ల ఎత్తుతో మొదలుపెట్టడం క్షేమం. డిఫ్యూజర్‌లోని నిలువు పలకలు గాలిని పాయలుగా విడదీసి, వెనుక టైర్లు చిమ్మే కల్లోలపు గాలి మధ్యలోకి రాకుండా ఆపుతాయి. వీటన్నిటికీ ముందు కారు అడుగు చదునుగా ఉండాలి. ముందు నుంచి వచ్చే గాలే గేర్‌బాక్స్‌కూ గొట్టాలకూ తగిలి చెల్లాచెదరైతే, బంపర్ కింద జానెడు ప్లాస్టిక్ ముక్క దాన్ని సరిచేయలేదు. వేలకు వేలు పోసి కొనే ఆ ముక్కలు అలంకారంగానే మిగిలిపోతున్నాయి.

ఇంత శ్రమకు దక్కేదెంతో కూడా చూడాలి. 1,400 కిలోల కారుకు గంటకు 150 కిలోమీటర్ల వేగంలో 100 కిలోల డౌన్‌ఫోర్స్ దొరికిందనుకుందాం. టైర్ల పట్టు సుమారు 7 శాతం పెరుగుతుంది. మలుపులో వేగం ఆ పట్టుకు వర్గమూలంగా పెరుగుతుంది కాబట్టి 150తో తిరిగే మలుపును 155తో తిరగవచ్చు. డౌన్‌ఫోర్స్ వేగానికి వర్గంగా మారుతుంది కనుక గంటకు 80 కిలోమీటర్ల మలుపులో అదే కారుకు 28 కిలోలే దక్కుతాయి, లాభం గంటకు ఒక కిలోమీటరు కూడా ఉండదు. 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌లో నడిపేవారికి అడుగుభాగం మీద ఖర్చు సార్థకం. 2.1 కిలోమీటర్ల కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకే పరిమితమయ్యేవారు ఆ డబ్బును మంచి టైర్లకూ బ్రేక్ ప్యాడ్లకూ పెట్టడం మేలు.

డౌన్‌ఫోర్స్ ఎంత వచ్చిందన్నదానికంటే ముందు వెనుకల మధ్య ఎలా పంచబడిందన్నది ముఖ్యం. ముందు స్ప్లిటర్ మాత్రమే వేసి వెనుక ఏమీ చేయకపోతే నెమ్మది మలుపుల్లో బాగానే ఉన్న కారు వేగపు మలుపులో తోక విసురుతుంది. మొదటి తరం ఆడి టీటీ కార్లు జర్మనీ రహదారుల్లో అధిక వేగంలో అదుపు తప్పిన తర్వాత సంస్థ వాటిని వెనక్కి పిలిపించి వెనుక స్పాయిలర్ అమర్చింది. 1999లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పోటీకి వచ్చిన మెర్సిడెస్ సీఎల్ఆర్ కార్లు ఒకటి కాదు, మూడుసార్లు గాలిలోకి లేచి తిరగబడ్డాయి. ముక్కు కాస్త పైకెత్తుకోగానే అడుగున చేరిన గాలి కారునే ఎత్తేసింది. బరువులో ముందు ఇరుసు వాటా ఎంతో, డౌన్‌ఫోర్స్‌లో దాని వాటా అంతకంటే కొద్దిగా తక్కువ ఉండేలా చూసుకోవాలి.

అందుకే కొలవకుండా ఏదీ బిగించవద్దని నేను పట్టుబట్టేది. దీనికి కారు మీదికి గాలి వదిలి పరీక్షించే విండ్ టన్నెల్ అక్కర్లేదు, తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల గొట్టం చాలు. పలకకు రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, అంచు నున్నగా రుద్ది, అక్కడి నుంచి సన్నని పారదర్శక గొట్టాన్ని కారు లోపలికి తెచ్చి, రంగు నీళ్లు పోసి ఆంగ్ల అక్షరం యూ ఆకారంలో ఒక చెక్క మీద బిగించాలి. రెండు కొమ్ముల మధ్య ఒక సెంటీమీటరు తేడా అంటే చదరపు మీటరుకు 10 కిలోల లాగుడు. రెండో కొమ్మును తెరిచి ఉంచితే కారు లోపలి పీడనం మారి లెక్క తప్పుతుంది, కాబట్టి దాన్ని మూసిన పాత్రకు కలపాలి. ఆ పాత్ర థర్మాస్ ఫ్లాస్క్ అయితేనే మంచిది, ఎందుకంటే లోపలి గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినా మూడు సెంటీమీటర్లకు పైగా తప్పు చూపిస్తుంది. పరుగుకు ముందే మూత తెరిచి మళ్లీ బిగించాలి. నేరుదారిలో నిలకడ వేగంలో కెమెరాతో తీసిన కొలతలనే లెక్కలోకి తీసుకోవాలి, బ్రేకు వేసేటప్పుడూ మలుపులోనూ నీళ్లు ఊగిపోతాయి.

ఈ కొలతలకు ఔటర్ రింగ్ రోడ్డు వేదిక కాకూడదు. అది ప్రజల రహదారి. చట్టబద్ధమైన వేగంలో కనబడే పీల్పు గంటకు 200 కిలోమీటర్ల దగ్గర ఉండేదానిలో మూడో వంతు మాత్రమే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగినా అది తాత్కాలికంగా కట్టిన ట్రాక్ కాబట్టి, మనవాళ్లు చెన్నై దాకా 600 కిలోమీటర్లకు పైగా పోవాల్సిందే. దారిలో స్పీడ్ బ్రేకర్లకు స్ప్లిటర్ నిలవదు. పైగా మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తోంది. అందువల్ల పలకలన్నీ ట్రాక్ దగ్గర బిగించి, అక్కడే విప్పేలా ముందే రూపొందించుకోవాలి. గాలి సాంద్రతను కూడా నోట్ చేసుకోవాలి: సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 40 డిగ్రీల ఎండలో గాలి, పుస్తకాల్లో వాడే ప్రామాణిక గాలికంటే దాదాపు 14 శాతం పలుచన, డౌన్‌ఫోర్స్ కూడా అంతే తగ్గుతుంది. మొదటి పర్యాయం పలకలేవీ లేకుండా, తర్వాత స్ప్లిటర్, చదును అడుగుతో, ఆ తర్వాత డిఫ్యూజర్‌తో కొలిచి, మూడింటినీ ఒకే నోటుబుక్కులో పక్కపక్కన రాసుకుంటే, వెనుక వింగ్ అవసరమో కాదో, అవసరమైతే ఎన్ని డిగ్రీలు పెట్టాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.