అందరూ చూసేది ఒకే మ్యాచ్ కాదు
ఫోన్లలో క్రికెట్ చూసే లక్షల మందికి ఒకే మ్యాచ్‌ను విడివిడిగా పంపడం దండగ, మొబైల్ టవర్ అందరికీ కలిపి ఒక్కసారి ప్రసారం చేస్తే చాలు అని ఒక వ్యాసకర్త రాసిన మాట వినడానికి బాగుంది. 2023 ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు, నిజమే. కానీ ఆ కోట్ల మందీ ఒకే టవర్ కింద లేరు కదా. ఒక సెల్‌లో, అంటే ఒక టవర్ సిగ్నల్ అందే పరిధిలో, చూసేది ఇద్దరు ముగ్గురే అయితే ప్రసారం వల్ల నష్టమే. విడిగా పంపితే టవర్ పక్కనున్న ఫోనుకు చకచకా పంపేయవచ్చు. ప్రసారంలోనైతే సెల్ అంచున, గోడల వెనుక ఉన్న ఫోనుకూ అందేలా అందరికీ నెమ్మది వేగమే పెట్టాలి. పక్కపక్క టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి పంపితే ఈ బాధ కొంత తగ్గుతుందనుకోండి. అయినా మా ఇంట్లో నాన్నగారి ఫోనులో తెలుగు వ్యాఖ్యానం, తమ్ముడి ఫోనులో ఇంగ్లిషు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, పడిపోయిన వికెట్‌ను వెనక్కి జరిపి చూస్తుంది. ఒకే ప్రసారం వీళ్లందరికీ ఎలా సరిపోతుంది? స్టేడియం చుట్టుపక్కలైతే నేనూ ఒప్పుకుంటాను. మిగతా చోట్ల చూసేవాళ్లను లెక్కగట్టి, అవసరమైన సెల్‌లోనే ప్రసారానికి మారాలి. ఎల్‌టీఈ (4జీ) ప్రమాణాల్లో ఆ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది, ఆ ప్రసారాన్ని అందుకోగల ఫోన్లే బజారులో అరుదు.