నలభై ఏడో నంబరు రాయి

మొన్న పేపర్లో ఫొటో చూసే ఉంటారు. ఆరు నెలలకోసారి వచ్చే ఫొటోనే. వెనక జేసీబీ, ముందు అధికారులు, వాళ్ల కాళ్ల దగ్గర నేలకొరిగిన ప్లాట్ల హద్దురాళ్లు, తెల్లవి. పైన 'అక్రమ లేఅవుట్లపై ఉక్కుపాదం' అని హెడ్డింగు. ఆ పాదం కింద పడున్న ఒక రాయి మీద నీలం రంగులో 47 అని అంకె స్పష్టంగా కనిపిస్తోంది. ఆ రాయి నాకు తెలుసు. మా ఊరిదే. దానికిది మూడో మరణం.

మా ఊరు హైదరాబాద్ ఔటర్ దిగాక ముప్పావుగంట. మా ఊళ్లో ప్లాట్లు వేసి అమ్ముతున్న వెంచరు బ్రోచరులో పది నిమిషాలు.

ఈ క్రతువు ఎలా జరుగుతుందో చెబుతాను. పొద్దున పదకొండింటికి ముహూర్తం. ఆ సంగతి వెంచరు ఆఫీసుకు ముందురోజే ఎలాగో తెలిసిపోతుంది కనుక ఆ పూట షామియానా వేయరు. జేసీబీ వస్తుంది. వెంచరులో రోడ్లు పోసింది కూడా అదే, ఊళ్లో ఉన్నది అదొక్కటే మరి. ఏ రాయి ఎక్కడుందో డ్రైవరుకు కళ్లు మూసుకున్నా తెలుసు. మొదటి వరసలో పది రాళ్లు పీకుతారు. రెండో వరస ఫొటోలోకి రాదు, దాని జోలికి పోరు. కమాను ముట్టుకోరు, అధికారులు ఎండకు నిలబడేది దాని నీడలోనే. గుంతలు పూడ్చరు, అది వాళ్ల దయ. సాయంత్రం ఐదింటికి మేస్త్రీ వచ్చి ఏ గుంతలోంచి లేచిన రాయిని ఆ గుంతలోనే కూర్చోబెడతాడు. నలభై ఏడుకు రంగు కూడా కొత్తగా వేశారు, అంకె ఈసారి కాస్త పెద్దది. 'ఆఫీసర్లు స్వయంగా వచ్చి చూసిపోయిన వెంచర్ సార్' అని ఏజెంటు గజానికి రెండొందలు పెంచాడు.

ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు. ఇరవై గుంటలకు తక్కువైతే ఫార్మ్ ప్లాటని అమ్మకూడదని నిబంధన. మనవాళ్లు నిబంధనను గౌరవిస్తారు. అందుకే పదిమందిని పోగేసి, ఒక్క కాగితం మీద ఇరవై గుంటలు రాయించారు. తలా 242 గజాలు. ఆ విధంగా మా ఊళ్లో ఒక్కరోజే పదిమంది రైతులు పుట్టారు. ఒక్కొక్కరి కమతంలో ఒక్కో శ్రీగంధం మొక్క, పదిహేనేళ్లకు కోటీశ్వరులను చేసే పూచీతో. పాపం, మొక్కకు ఆ పూచీ సంగతి ఎవరూ చెప్పలేదేమో, తొలి ఎండాకాలమే పోయింది.

సర్కారుకు ఇదంతా తెలియదనుకోకండి. అనుమతి లేని లేఅవుట్లను రుసుము కట్టించుకుని సక్రమం చేసే ఎల్ఆర్ఎస్ పథకం పెట్టింది ఎందుకు? 2007లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020లో ఒకసారి. ప్రతిసారీ ఆఖరి అవకాశమే. గోదావరమ్మే పుష్కరాలకు పన్నెండేళ్లు ఆగుతుంది. 2020లో వెయ్యేసి రూపాయలు కట్టి పాతిక లక్షల మందికి పైగా ఆ పుణ్యస్నానానికి పేర్లిచ్చారు. లేఅవుట్‌లో పది శాతం స్థలం పార్కుకు వదలాలి. వదల్లేదా? ప్లాటు విలువలో 14 శాతం కట్టేయండి, వదిలినట్టే. పిల్లలు చలానా మీద ఆడుకుంటారు. 2025లో పాతిక శాతం రాయితీ కూడా ఇచ్చారు, మార్చి 31 ఆఖరన్నారు. ఆ ఆఖరు తర్వాత ఇంకా చాలా ఆఖర్లు వచ్చాయి.

వెంచరుకు దిగువన మా పెద్దనాయినకు రెండెకరాల మడి ఉంది. పై చెరువు అలుగు నీళ్లు ఒర్రెలోంచి దాని పక్కగా పోయేవి. ఆ ఒర్రెను మొరం పోసి పూడ్చి, మీద నలభై అడుగుల రోడ్డు వేశారు. ఇప్పుడు వానాకాలం నీళ్లన్నీ ఆయన నారుమడి మీదికి ఎక్కుతాయి, యాసంగికి చుక్క రాదు. పంచాయతీకి పోతే రెవెన్యూ వాళ్లనడగమన్నారు. రెవెన్యూకు పోతే ఇరిగేషన్. ఇరిగేషన్ వాళ్లు నక్షా తీసి, ఇందులో ఒర్రే లేదు కదా పెద్దాయనా అన్నారు.

"కాయిదంల లేకుంటె నీళ్లు పారుడు బందయితదా బిడ్డా?" అని నన్నడిగాడు. నేనేం చెప్పను?

రాళ్లు పీకిన రోజు ఆ జేసీబీ ఒర్రెకు ఇరవై గజాల దూరంలో నిలబడి ఉంది. ఇంజను ఆపలేదు కూడా. ఆయన పోయి చేతులు జోడించి అడిగాడు. నాలుగు బకెట్ల మొరం. పది నిమిషాల పని. ఆర్డరులో రాళ్ల వరకే ఉందట! డెబ్బై ఏళ్ల మనిషి, కళ్లముందు నారు కుళ్లిపోతుంటే దండం పెడుతున్నాడు, వీళ్లు కమాను కింద ఫొటో సరిగ్గా వచ్చిందా లేదా అని ఫోన్లో చూసుకుంటున్నారు. సిగ్గన్నా ఉండాలి కదా! రాళ్లు మేస్త్రీ పాతుకుంటాడు, మీరు పీక్కుంటారు, మీ ఆట మీరు ఆడుకోండి. ఆ మట్టి తీయండయ్యా ముందు!

తీయలేదు. ఈ ఏడు మడి సాగు లేక పడావు పడింది. వారం తిరక్కుండా ఏజెంటు వచ్చి, పడావు భూమే కదా, ఇచ్చెయ్యరాదా అని అడిగిపోయాడు.

నిన్న ఊరికి పోయాను. నలభై ఏడు మళ్లీ లేచి నిలబడింది, ఈసారి కింద సిమెంటు పోసి మరీ. పెద్దనాయిన బర్రెను దానికి కట్టేసి పక్కన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"గట్టిగున్నదిరా, గుంజినా ఊడుతలేదు" అన్నాడు.