బాధ బయటపడనీయని మనుషులు

ఇంట్లో చావు జరిగినా కన్నీరు పెట్టని కొడుకును చూసి ‘గుండె నిబ్బరం గలవాడు’ అంటాం. ఆఫీసులో ఎన్ని మాటలు పడ్డా ఎదురు చెప్పనివాణ్ణి నెమ్మదస్తుడంటాం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న సామెత ఎలాగూ ఉంది. బాధ లేకపోవడమూ, ఉన్న బాధను కనపడనీయకపోవడమూ మన లెక్కలో ఒకటే.

ఈ తేడాను పట్టుకున్నవాళ్లలో బెల్జియం మనస్తత్వ శాస్త్రవేత్త యోహాన్ డెనొలెట్ ఒకరు. ఆయన బృందం 303 మంది గుండె రోగులను ఆరు నుంచి పదేళ్ల పాటు గమనించి, 1996లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించింది. వాళ్లు చూసినవి రెండు గుణాలు. ఒకటి, ఊరికే దిగులుపడే, చికాకుపడే స్వభావం. రెండోది, ఎవరేమనుకుంటారోనని ఆ దిగులును నలుగురిలో బయటపెట్టలేని జంకు. ఈ రెండూ ఉన్నవాళ్లకు ‘టైప్ డి’ అని పేరు పెట్టారు. అలాంటి 85 మందిలో 23 మంది చనిపోయారు. మిగతా 218 మందిలో చనిపోయింది 15 మందే.

లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. కానీ తర్వాత జరిగిన కొన్ని పెద్ద అధ్యయనాల్లో ఇంత తేడా కనిపించలేదు. దిగులు ఒక్కటే ఈ పని చేస్తుండవచ్చు, జంకును దానికి జతకట్టనక్కర్లేదని విమర్శకులు వాదించారు. నాకూ ఆ అనుమానం ఉంది. ‘మాట్లాడకపోతే గుండెపోటు వస్తుంది’ అని వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు ఈ పరిశోధన ఆధారం కాదు.

దాచడానికి శరీరం ఖర్చు పెడుతుందన్నది మాత్రం ప్రయోగశాలలో తేలింది. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ కొందరికి నవ్వించే, ఏడిపించే సినిమా ముక్కలు చూపించి, ముఖంలో ఏదీ కనపడనీయొద్దన్నారు. 1997లో వెలువడిన ఆ ఫలితం విచిత్రం: బిగపట్టినందుకు నవ్వులోని సరదా తగ్గింది గానీ, దుఃఖం తగ్గలేదు. పైగా గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి పెరిగింది.

మరి ఎవరు దాస్తారు? ఎక్కువ కంగారుపడేవాళ్లే అనుకుంటాం. గ్రాస్, ఆలివర్ జాన్ 2003లో చూస్తే, దాచే అలవాటుకూ కంగారు స్వభావానికీ దాదాపు సంబంధమే లేదు. అంతర్ముఖులు దాస్తారు, కంగారుపడేవాళ్లు బాధపడతారు. రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడే అతని సంగతి పక్కవాళ్లకు ఆఖరున తెలుస్తుంది.

ఇదంతా పాశ్చాత్యుల గోల అని కొట్టిపారేయడానికీ లేదు, యథాతథంగా తెచ్చుకోవడానికీ లేదు. 2011లో వచ్చిన ఒక పోలికలో, భావాలు అణచుకోవడానికీ కుంగుబాటుకూ ఉన్న ముడి శ్వేతజాతి అమెరికన్లలో కనిపించింది, హాంకాంగ్ చైనీయుల్లో కనిపించలేదు. నోరు అదుపులో పెట్టుకోవడం మర్యాద అయినచోట దాని బరువు వేరేమో. అత్తగారి ముందు పెదవి విప్పని కోడలు సాయంత్రం డాబా ఎక్కి అక్కకు ఫోన్ చేసి అంతా వెళ్లబోసుకుంటే, ఆమె అణచుకున్నట్టు కాదు, చోటు ఎంచుకున్నట్టు. అదే ఇంట్లో ఆమె భర్తకు అలాంటి ఫోన్ నంబరు ఒక్కటీ ఉండకపోవచ్చు. అతను కడుపులో మంటని డాక్టరు దగ్గరికి వెళ్తాడు, గ్యాస్ మాత్రలు రాయించుకుని వస్తాడు.