డేరా కోసం కల్యాణం ఆపుకుంటామా?

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ అందరూ చూసే ఉంటారు. "వాతావరణం అనుకూలించనందున రేపటి ఉగాది, శ్రీరామనవమి సంబరాలను వాయిదా వేస్తున్నాము. మే నెలలో ఆడిటోరియంలో జరుపుకుందాం." దాని కింద ఒక ఫొటో. అమెరికాలో, అరిజోనాలోని మన ఫీనిక్స్ డౌన్‌టౌన్ మేడల మీదికి దుమ్ము ఆకాశమంత ఎత్తున కమ్ముకొస్తోంది. చూసినవాళ్ళకి గుండె జారుతుంది. గంటలో దండం ఎమోజీలు నలభై దాకా పడ్డాయి, చర్చ ముగిసింది.

ఆ ఫొటో 2011 జూలై 5 నాటిది. ఇక్కడ పాతకాపులంతా గుర్తుపడతారు. అది హబూబ్. వర్షాకాలంలో ఉరుముల మబ్బు కూలినప్పుడు అందులోని చల్లగాలి ఒక్కసారిగా నేలకి కొట్టుకుని, దాదాపు మైలు ఎత్తున దుమ్ము లేపుకుంటూ వస్తుంది. ఏప్రిల్ గాలికీ దానికీ సంబంధం లేదు. కార్యవర్గం మీద నాకు కోపం లేదు, అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు ఫోన్లలో కూర్చుని ఈ పనులు చూసేవాళ్ళే. కానీ మనం ఈ ఎడారిలో ఇళ్ళు కొన్నాం, పిల్లల్ని పెంచుతున్నాం. ఏ గాలి ఎప్పుడు వస్తుందో, ఎంతసేపుంటుందో కూడా తెలుసుకోకపోతే ఎలా?

ఆ వారం ఏం జరిగిందో ఒకసారి చూద్దాం. పసిఫిక్ మీదనుంచి అల్పపీడనం ఒకటి కాలిఫోర్నియా దాటి లోపలికి దిగింది. వసంతంలో ఇది మామూలే. అక్కడికీ ఇక్కడికీ పీడనంలో తేడా పెరిగేకొద్దీ నైరుతి నుంచి, పడమర నుంచి గాలి లాగుతుంది, వెనకే చలి వస్తుంది. తొంభై (ఫారెన్‌హీట్‌లో) దగ్గర ఆడుతున్న పగటి ఎండ అరవైల్లోకి దిగింది. ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో మంచు పడింది. మన ఫీనిక్స్ వ్యాలీలో మాత్రం మబ్బుల కింద వాన తెరలు తెరలుగా వేలాడుతూ కనిపించి, నేల తాకకముందే ఆవిరైపోయింది. ఏసీలు ఆగాయి. చాలా ఇళ్ళలో వంటింటి కిటికీ తెరుచుకుంది.

ఈ గాలికి ఒక వేళాపాళా ఉంది. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకుని ఉన్న గాలి బరువెక్కి కదలకుండా పడుంటుంది. పైన ఎంత జోరుగా వీస్తున్నా తెల్లవారుజామున కింద పెద్దగా తెలియదు. ఎండెక్కి నేల వేడెక్కాక కింది గాలి పైకి లేస్తుంది, పైనున్న జోరు కిందికి దిగుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు దాకా అసలైన ఊపు. పొద్దుగుంకాక మళ్ళీ తగ్గుతుంది. చల్లగాలి సరిహద్దు నేరుగా మన మీదుగా దాటే రోజున ఈ లెక్క తప్పుతుంది, ఆ ఒక్క రోజూ అర్ధరాత్రి కూడా హోరే. మన విషయంలో అది గురువారమే దాటిపోయింది.

మనం కార్యక్రమం పెట్టుకున్నది ఎన్నింటికి? శనివారం సాయంత్రం నాలుగింటికి. అంటే మన లెక్కలో ఐదున్నరకి.

మాది అనంతపురం. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే బరువు దించుకుని మాకు ఖాళీ గాలి పంపిస్తాయి. ఆషాఢంలో మా ఊళ్ళో ఆరేసిన చీర పక్కవీధిలో దొరికేది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మా అమ్మ ఆ గాలిలోనే కాపురం చేసింది. మెసేజ్ చదివి వినిపిస్తే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఏమప్పా, గాలి వస్తాందని రాములవారి పెండ్లి ఆపేస్తారా?" అంది. అప్పటికే వడపప్పుకి పెసరపప్పు నానబోసింది. నానిన పప్పుకి వాయిదాలు తెలియవు. పొద్దున్నే పార్కుకి పోదాం, నలుగురికి ఫోన్ చెయ్యమంది.

ఎదురింటి కాకినాడ పిన్నిగారికి చేశాను. ఆవిడ ఇంకో ఇద్దరికి చేశారు. శనివారం ఏడున్నరకల్లా గిల్బర్ట్‌లో మా ఇంటి దగ్గరి పార్కులో రమడా (పక్కలు తెరిచి ఉండే కప్పు) కింద పెద్దవాళ్ళు ఓ పదిహేను మంది, వాళ్ళని దింపడానికి వచ్చి ఉండిపోయినవాళ్ళు కొందరు తేలారు. అందరూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలే. స్వెటర్లు, మంకీ క్యాపులు. ఒకాయన, వరంగల్‌లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారట, కారు దిగి నాలుగు దిక్కులూ చూసి, "మార్చిలో వచ్చినప్పటి సంది ఇయ్యాలనే నేల మీద నడుస్తున్నా" అన్నారు. కొడుకు తల దించుకుని కారులోంచి కుర్చీ తీశాడు.

జంపఖానా నాలుగు మూలలా గ్యాలన్ నీళ్ళ క్యాన్లు పెట్టాం. కాగితం ప్లేట్లు ఎగురుతాయని పిన్నిగారు స్టీలు పళ్ళాలు పట్టుకొచ్చారు. దీపమే నిలవలేదు. రెండుసార్లు ఆరింది. అమ్మ అప్పుడు ప్రెషర్ కుక్కర్ ఖాళీ చేసి, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, మూతి మా వైపు తిప్పి, ప్రమిద అందులో పెట్టింది. ఆ కుక్కర్ గర్భగుడిలో దీపం చివరిదాకా వెలిగింది. విగ్రహాలు మా ఇంట్లోవే, జానెడు ఎత్తువి. మాస్టారు కల్యాణం చెప్పారు, వచ్చినంత మంత్రం, మరిచిన చోట కథ. తలంబ్రాల దగ్గరకొచ్చేసరికి చిన్న గాలి లేచి, సీతమ్మ మీద పడాల్సిన బియ్యం పక్కాయన చొక్కా జేబులో పడింది. ఆయనకి అరవై తొమ్మిదేళ్ళు, చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డారు. పైనుంచి పాలోవెర్డే చెట్టు పసుప్పచ్చ పూలు పానకంలో రాలుతుంటే అమ్మ గరిటెతో తీసి పారబోస్తూనే ఉంది. ఆ చలిలో పానకం ఎవరు తాగుతారనుకున్నాను గానీ, మిరియం ఘాటుకి రెండో గ్లాసు అడిగినవాళ్ళే ఎక్కువ.

పదిన్నరకి కొమ్మలు మాట వినడం మానేశాయి. పదకొండుకి అంతా సర్దేసి ఇళ్ళకి చేరాం.

ఇక్కడ కార్యవర్గం తరఫున చెప్పాల్సింది కూడా ఉంది. నాలుగింటికి మా వీధిలో రీసైకిల్ డబ్బాలు దొర్లుకుంటూ పోయాయి. ఆ టైముకి పార్కులో మూడువందల మందిని, అందులో సగం పిల్లల్ని పెట్టుకుని పన్నెండు క్యానోపీలు (ఇనప కాళ్ళ డేరాలు) లేపి ఉంటే ఏదో ఒకటి జరిగేదే. గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకి 20 మైళ్ళ గాలికి బుద్ధిగా నిలబడ్డ క్యానోపీ 40 మైళ్ళకి ఇనప కాళ్ళతో సహా లేస్తుంది, అది ఎవరి తల మీద దిగుతుందో చెప్పలేం. టూసాన్ నుంచి వచ్చే కుటుంబాల సంగతి ఇంకా గట్టిది. ఐ-10 హైవే మీద ఈలాయ్, పికాచో పీక్ మధ్య పది మైళ్ళ పొడుగునా దుమ్ము పసిగట్టే సెన్సర్లు పెట్టి, గంటకి 75 మైళ్ళున్న స్పీడ్ లిమిట్‌ని బోర్డుల మీద 35 దాకా తగ్గిస్తారంటే అక్కడ ఎంత ప్రమాదమో ఆలోచించండి. మరికోపా గుడికి వెళ్ళే 347 రోడ్డు మీద కూడా పొలాల దుమ్ము లేస్తుంది. (ఇంకా చాలామంది తప్పు చేస్తున్నారు కాబట్టి ఇది చెప్పాలి. దుమ్ములో చిక్కుకుంటే రోడ్డు పూర్తిగా దిగి ఆపాలి. హజార్డ్ లైట్లతో సహా అన్ని లైట్లూ ఆపెయ్యాలి. పార్కింగ్ బ్రేక్ వేసి, కాలు బ్రేక్ పెడల్ మీదనుంచి తియ్యాలి. వెనక వచ్చేవాడు మన ఎర్ర లైటు చూసి అదే రోడ్డనుకుని గుద్దుతాడు.) పైగా ఇక్కడి మట్టిలో వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఫంగస్ ఉంటుంది. దుమ్ము లేచిన మధ్యాహ్నం ఆయాసమున్న పెద్దాయన్ని బయట కూర్చోబెట్టడం మంచిది కాదు.

కాబట్టి నాలుగింటి కార్యక్రమం ఆపడం సబబే. నా బాధ దాన్ని ఆపినందుకు కాదు. బుధవారం నుంచే జాతీయ వాతావరణ సంస్థ ఫీనిక్స్ ఆఫీసు గంటగంటకీ గాలి ఎంతో చూపిస్తూనే ఉంది. అదే శనివారం, అదే పార్కు, పొద్దున్నకి మార్చుదామని ఒక్కరికీ తోచలేదెందుకని?

తోచదు, ఎందుకంటే మనకి పండగంటే మనుషులు కాదు, సామాను. స్టేజి, ఎల్‌ఈడీ స్క్రీను, స్పాన్సర్ల ఫ్లెక్సీలు, ఫొటో బూత్, క్యానోపీలు. అవి లేపడానికే ఐదు గంటలు పడుతుంది. గాలికి ఎగిరిపోయేవి ఇవే. ఇవి నిలవవని తెలిశాక, వీటి కింద కూర్చోవాల్సిన మనుషుల్ని కూడా రావద్దన్నాం. ఊళ్ళో రామనవమి పందిరి వేసేది ఎండకి. తాటాకు, కొబ్బరాకు కప్పి, కింద నీళ్ళు చల్లి, నిప్పులు కురిసే చైత్రంలో పదిమందికి నీడ ఇవ్వడానికి. ఎండే లేని రోజున పందిరి ఎవరికి? ఊరిని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు లెండి, అక్కడా ఇప్పుడు డీజే ఎవరిది, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దదని తలలు పగలగొట్టుకుంటున్నారు. మనం తెచ్చుకున్నది ఆ రోగమే, నీడ ఇచ్చే అలవాటు కాదు.

ముహూర్తం మాట ఎత్తేవాళ్ళు ఉంటారు. భద్రాచలంలో అభిజిత్ లగ్నంలో, పట్టపగలు జరుగుతుంది, నిజమే. కానీ మనం తిథినే వీకెండుకి జరుపుకున్నాం, గంటల దగ్గర శాస్త్రం గుర్తొస్తే ఎలా? మా సీమలో ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో చేస్తారు. నవమి దాటి, పున్నమి ముంగిట. అది రామకల్యాణం కాకుండా పోయిందా? పొద్దున కుదరకపోతే పొద్దుగుంకాక గాలి తగ్గిన వేళ పెట్టుకోవచ్చు, ఒంటిమిట్ట రాముడు కాదనడు.

ఈ ఊళ్ళో బయట కూర్చోగలిగిన రోజులెన్ని? సగటున మే మొదట్లోనే వంద తాకుతుంది. 2023లో వరుసగా 31 రోజులు 110, ఆపైన కాసింది. 2024లో వరుసగా 113 రోజులు వందకి తగ్గలేదు. ఇండియా ఎండలు తప్పించుకుందామని మార్చిలో విమానమెక్కి వచ్చిన మన పెద్దవాళ్ళు, మే నాటికి ఇంకా పెద్ద పొయ్యిలో పడి, బ్లైండ్స్ మూసిన హాల్లో టీవీ ముందు కూర్చుంటారు. డ్రైవింగ్ రాదు, నడిచి వెళ్ళే చోటు లేదు, మనం మీటింగుల్లో ఉంటాం. వాళ్ళకి దొరికేది ఇలాంటి వారమే, చలీ గాలీ అని మనం విసుక్కునే ఈ వారమే. దాన్ని మనం ఒక మెసేజ్‌తో రద్దు చేసి, బదులుగా మేలో ఏసీ ఆడిటోరియం చూపించాం. మే వేడుకకి వరంగల్ మాస్టారు ఉండరు. ఏప్రిల్ చివరి వారమే ఆయన తిరుగు ప్రయాణం. పిన్నిగారి వియ్యపురాలూ అంతే.

అందుకని ఈ పత్రిక ద్వారా కార్యవర్గాన్ని అడిగేది ఇంతే. వచ్చే వసంతానికి పార్కు పర్మిట్ రాసేటప్పుడు ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా రాయండి, సిమెంటు రమడా ఉన్న చోటు చూడండి. స్టేజి, స్క్రీను కావాలంటే ఆడిటోరియం కార్యక్రమం వేరేగా పెట్టుకోండి, స్పాన్సర్లకి అక్కడ న్యాయం చేద్దాం. గాలి హెచ్చరిక వస్తే ముందు క్యానోపీలు రద్దు చెయ్యండి, తర్వాత ఫ్లెక్సీలు, తర్వాత డాన్సులు, మనుషుల్ని ఆఖరున. టూసాన్ వాళ్ళకి ముందురోజే ఫోన్ చేసి రావద్దని చెప్పండి. మే ఆడిటోరియం ఇంకా ఖరారు కాలేదని విన్నాను. ఆ డిపాజిట్ కట్టేముందు మన ఇళ్ళల్లో ఉన్న పెద్దవాళ్ళ రిటర్న్ టికెట్లు ఏ తేదీలకున్నాయో గ్రూపులో ఒక్కసారి అడగండి.